సమస్యాపూరణం: "మగువ లేని చోట మగువ వెలిగె"

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. వస్తువు జపాన్ సంప్రదాయ నాటకం కబుకీలోని నటుల బొమ్మలు, చెక్క పలకల మీద చెక్కి కాగితంపై అచ్చువేసినవి. 1629లో షోగున్ ప్రభుత్వం ఆడవాళ్లు రంగస్థలం ఎక్కకూడదంది. స్త్రీ వేషాలు మగవాళ్లకే మిగిలాయి. ఆ వేషగాళ్లను ఒన్నగాత అంటారు. చిక్కుముడి అక్కడుంది, విప్పండి.

పూరణ 1
ఆడువారి కచట నాట నిషేధింప
పురుషుడే ధరించె పొలతి రూపు
చెక్క గీతలందు చిత్రకారుడు దింప
మగువ లేని చోట మగువ వెలిగె

– గణాలు, యతులు సరిపోయాయి తమ్ముడూ. కానీ కథ తెలిసింది, బొమ్మ కనబడలేదు. ఏ ముఖం, ఏ చూపు?

పూరణ 2
గీయు వాడొకండు చెక్కువాడొకరుండు
రంగులద్దు నొకడు రాచి రాచి
ముగ్గురొక్కటైన మూగ పలక మీద
మగువ లేని చోట మగువ వెలిగె

– మొదటి పాదంలో యతి తప్పిందమ్మా. గీ–చె కలవవు, ప్రాసయతీ లేదు. "చిత్రకారుడొకడు చెక్కువాడొకరుండు" అంటే కుదురుతుంది. "రాచి రాచి" మాత్రం ముట్టుకోవద్దు. రంగు పూసిన పలక మీద కాగితం పరిచి, వెనక నుంచి బరెన్ అనే గుండ్రటి రుద్దుడు బిళ్లతో రుద్దే పనివాడి చెయ్యి అందులో ఉంది.
– సరిచేశాను గురువుగారూ. నాలుగోవాడు ప్రచురణకర్త, పాదంలో పట్టలేదు.

పూరణ 3
షరకు గీత లోన సన్నని పెదవులు
మొరటు దవడ మీద ముద్దు సిగ్గు
నటుని దాచకుండ నాతిని జూపించె
మగువ లేని చోట మగువ వెలిగె

– ఇది చదివి కాసేపు ఆగిపోయాను. ఈ బొమ్మల చిత్రకారుడి పేరు షరాకు అని రాయడం మనకు అలవాటు. జపనీస్‌లో మూడూ హ్రస్వాలే, కాబట్టి నగణం ఒప్పు. ష–స మైత్రీ ఒప్పే. ఆయన 1794–95లో పది నెలలపాటు 140కి పైగా బొమ్మలు గీసి కనుమరుగయ్యాడు. వాటిలో మూడో సెగావా కికునోజో అనే ఒన్నగాత, నాటకంలో తనాబే బున్‌జో భార్య ఒషిజు వేషంలో ఉన్న బొమ్మ చూడండి. వెనక అభ్రకం పొడి మెరుపు (నాకైతే మన గూడూరు అభ్రకం గనులు గుర్తొస్తాయి), ముందు మగవాడి ముఖం. అయినా చూస్తున్నకొద్దీ ఒషిజుయే కనిపిస్తుంది. మూడో పాదం సరిగ్గా అదే పట్టుకుంది. ఒక్క సందేహం: మొదటి రెండు పాదాలకు క్రియ లేదు.
– కావాలనే వదిలేశాను గురువుగారూ. ఆ బొమ్మలో కూడా పెదవి, దవడ విడివిడి గీతలే. కలుపుకోవాల్సింది చూసేవాళ్లు.
– ఒప్పుకున్నాను. అలాగే ఉండనివ్వండి.