లోన్ కట్టేసినా సిబిల్‌లో ఇంకా ‘యాక్టివ్’ అనే ఉంది, ఎన్నాళ్లకు మారుతుంది?

గోదారిగట్టు:
పర్సనల్ లోన్ ఈ నెల 3న ప్రీక్లోజ్ అయింది, బాకీ లేదనే ఎన్‌ఓసీ కూడా చేతికొచ్చింది. ఇవాళ 20. సిబిల్ (అప్పుల చరిత్ర నమోదు చేసే బ్యూరో) రిపోర్టులో మాత్రం లోన్ యాక్టివ్, బాకీ 1,84,000 అని చూపిస్తోంది. హోమ్ లోన్ ఫైలు దీని దగ్గరే ఆగింది. అసలు ఈ లెక్కలు వాళ్లకు ఎవరు, ఎప్పుడు పంపుతారు? రిపోర్టు తప్పని ఇప్పుడే డిస్ప్యూట్ (ఫిర్యాదు) వేయాలా, ఆగాలా?

పద్దులపుస్తకం:
ఆగండి. సిబిల్ తనంతట తాను మీ ఖాతాలోకి తొంగిచూడదు. బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీయో (బ్యాంకు కాని అప్పుల కంపెనీ) ఫైలు పంపితేనే దానికి తెలిసేది. 2025 జనవరి 1 నుంచి ఆర్‌బీఐ నియమం ప్రకారం నెలకు రెండు ఫైళ్లు: 15వ తేదీ నాటి లెక్క ఒకటి, నెలాఖరు నాటిది ఒకటి. ఆ తేదీ దాటాక 7 రోజుల్లో బ్యాంకు పంపాలి, అందిన 5 రోజుల్లో బ్యూరో ఎక్కించుకోవాలి. మీరు 3న కట్టారు కాబట్టి 15 నాటి ఫైల్లో క్లోజ్ అని వెళ్తుంది. 22లోపు పంపితే 27కల్లా కనిపించాలి. అదే 16న కట్టి ఉంటే వచ్చే నెల 12 దాకా లాగేది.

ఇంకోటి, ఫైలు సిబిల్‌కే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే మిగతా బ్యూరోలకూ వెళ్తుంది. ఒకదాంట్లో మారి ఇంకోదాంట్లో మారకపోవచ్చు. హోమ్ లోన్ వాళ్లు ఎవరి రిపోర్టు తీశారో కనుక్కోండి. ఒక్కో బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే.

బెజవాడబాబు:
ఆగడమెందుకు? డిస్ప్యూట్‌కు పైసా ఖర్చు లేదు. వేసేస్తే సిబిలే మార్చేస్తుంది.

చిట్టాఆవర్జా:
మార్చదండీ బాబు గారూ. బ్యాంకు ఒప్పుకోకుండా అక్షరం మార్చే వీలు బ్యూరోకు లేదు. డిస్ప్యూట్ తిరిగి అదే బ్యాంకుకు వెళ్తుంది, జవాబు అక్కణ్నుంచే రావాలి.

గోదారిగట్టు గారూ, ముందు రిపోర్టులో ఆ లోన్ కింద ‘డేట్ రిపోర్టెడ్’ చూడండి. అది 3కి ముందు తేదీ అయితే తప్పేమీ లేదు, పాత ఫొటో చూస్తున్నారంతే. 15 తేదీ పడి కూడా యాక్టివ్ అనే ఉంటే అప్పుడు గొడవ. మామూలుగా దొరికే కారణాలు: క్లోజ్ చేసిన రోజుకూ డబ్బు జమైన రోజుకూ మధ్య వడ్డీ, ఏ రెండు మూడు వందలో, ఖాతాలో మిగిలిపోవడం. లేదా ఫైల్లో ఏదో గడి తప్పుగా ఉండి బ్యూరో ఆ రికార్డును తిప్పికొట్టడం. అలా తిరిగొచ్చినదాన్ని బ్యాంకు 7 రోజుల్లో సరిచేసి మళ్లీ పంపాలి.

మనవాళ్లకు పేరుతో ఇంకో తంటా. బ్యాంకులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, ఓటరు కార్డులో ఇంటిపేరు చివర. బ్యూరో పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోన్, చిరునామా కలిపి చూసి రికార్డులు జతచేస్తుంది. పాత లోన్‌కు పాన్ ఎక్కించకపోతే ఒకే మనిషికి రెండు ఫైళ్లు తయారవుతాయి, లేదా అదే పేరున్న వేరొకరి అప్పు మీ మీద పడుతుంది. దీనికి పాన్ కాపీతో బ్యాంకులోనే కేవైసీ సరిచేయించుకోవాలి.

యాప్‌లో తీసుకున్న అప్పయితే రిపోర్టులో యాప్ పేరు వెతక్కండి, వెనకున్న ఎన్‌బీఎఫ్‌సీ పేరుంటుంది. చాలామంది ‘ఇది నాది కాదు’ అని డిస్ప్యూట్ వేసేది ఇక్కడే.

గోదారిగట్టు:
చూశాను, డేట్ రిపోర్టెడ్ గత నెల 31. అంటే పాతదే. ఒక నెల గడిలో 030 అని కూడా ఉంది, లోన్ క్లోజ్ అయితే అది పోతుందా?

చిట్టాఆవర్జా:
పోదు. ఆ నెల వాయిదా 30 రోజులు ఆలస్యమైందని అర్థం. 000 అంటే సమయానికి కట్టినట్టు, ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అంటే ఆ నెల బ్యాంకు ఏమీ చెప్పలేదని. గడులు 36 నెలల దాకా కనిపిస్తాయి. నిజంగా ఆలస్యం కాకపోతేనే, ఆ నెల స్టేట్‌మెంట్‌తో డిస్ప్యూట్ వేయండి.

పద్దులపుస్తకం:
27 దాటినా మారకపోతే బ్యాంకుకూ, బ్యూరోకూ ఒకేరోజు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి నంబర్లు దాచుకోండి. బ్యాంకుకు 21 రోజులు, మొత్తం 30 రోజుల గడువు. అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, బ్యాంకు 21 రోజుల్లో సరిచేసిన లెక్క బ్యూరోకు పంపకపోతే బ్యాంకే, పంపినా బ్యూరో మార్చకపోతే బ్యూరో ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) పెట్టండి. సందేహాలుంటే ఆర్‌బీఐ ఫోన్ నంబరు 14448.

ఈలోగా హోమ్ లోన్ మేనేజరుకు ఎన్‌ఓసీతో పాటు బాకీ సున్నా చూపే లోన్ స్టేట్‌మెంట్ ఇవ్వండి. ఎన్‌ఓసీలో లోన్ నంబరు, క్లోజ్ తేదీ రెండూ ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, తేదీ లేని ఎన్‌ఓసీని వెనక్కి పంపుతారు.