కారు లోపల క్లీనింగ్‌కు ఏ ఏపీసీ (ఆల్ పర్పస్ క్లీనర్) తీసుకోవాలి? అనంతపురం దుమ్ము, క్రీమ్ కలర్ సీట్లు

అనంత_సెల్టోస్:
అన్నలూ అందరికీ నమస్తే. నాది 2020 మోడల్ సెల్టోస్, మన పెనుకొండ ఫ్యాక్టరీలో తయారైందే, ఈ మధ్యనే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. బండి బాగుంది కానీ లోపల మటుకు పాత ఓనరు సరిగ్గా చూసుకోలే, క్రీమ్ కలర్ లెదరెట్ (ఆర్టిఫిషియల్ లెదర్) సీట్లు తల ఆనిచ్చే కాడ తలనూనెకు నల్లగా అయిపోయినాయి, స్టీరింగ్ జిడ్డుగా ఉంది, డోర్ హ్యాండిల్స్ కాడ చేతుల మురికి. దానికి తోడు ప్రతి ఆదివారం ఊరికి పోతా, కల్యాణదుర్గం సైడు మట్టిరోడ్డు, డ్యాష్‌బోర్డు మీద ఎర్రదుమ్ము ఎప్పుడూ ఉంటాది. ఆన్‌లైన్‌లో చూస్తే ఆల్ పర్పస్ క్లీనర్ అని వందరకాలు ఉండాయి, కొన్ని నీళ్ళు కలుపుకోవాల్సినవి, కొన్ని డైరెక్ట్‌గా స్ప్రే చేసేవి, ఏది తీసుకోవాలో అర్థం కాలేదు. ఒకటే బాటిల్‌తో సీట్లు, డ్యాష్‌బోర్డు, డోర్లు, పైన రూఫ్ క్లాత్ అన్నీ చేసుకోవచ్చా? ఇంట్లో గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్ళలో కలిపి తుడిస్తే సరిపోదా అని మా నాయన అంటాండాడు, అది కూడా చెప్పండి.

బురుజు_డీటెయిలింగ్ (కర్నూలు):
తమ్ముడూ, నేను ఇదే పని చేస్తా కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా. ముందు ఒకటి తెలుసుకో, మన సీమ బండ్లలో కనపడే మురికిలో ఎక్కువ భాగం పొడిదుమ్ము, దానికి ఏ కెమికలూ అవసరం లేదు. వ్యాక్యూమ్, మెత్తని బ్రష్షు, పొడి మైక్రోఫైబర్ క్లాత్, అంతే. దుమ్ము మీద డైరెక్ట్‌గా క్లీనర్ కొట్టినావంటే అది బురదై కుట్ల సందుల్లోకి, ప్లాస్టిక్ గీతల్లోకి పోయి కూర్చుంటాది, తర్వాత తీయడం రెండింతల పని. క్లీనర్ అనేది జిడ్డుకు. తలనూనె, చెమట, చేతుల మురికి, నువ్వు చెప్పిన మూడు చోట్లా అదే కాబట్టి నీకు ఏపీసీ కావాల్సిందే, కానీ బండి మొత్తానికి కాదు.

ఇంక ఏది కొనాలంటే, నీళ్ళు కలుపుకునేదాన్ని కాన్సన్‌ట్రేట్ అంటాం, ఒక లీటరు తెచ్చుకుంటే 1:10 లెక్కన 11 లీటర్లు అవుతాది, మా షాపు లాంటోళ్ళకు అదే గిట్టుబాటు. మెగ్వయర్స్ డి101 ఉంది, ఎక్కువ మురికికి 1:4, మామూలు మురికికి 1:10 కలుపుకోమని వాళ్ళే చెప్తారు, మంచిదే, కానీ అది గ్యాలన్ క్యాన్‌లో, అంటే మూడుముప్పావు లీటర్లలో వస్తాది, ఒక్క కారు ఉన్నోనికి ఏండ్ల తరబడి అయిపోదు. కోచ్ కెమీ గ్రీన్ స్టార్ కూడా చాలామంది వాడతారు, అది శానా ఘాటు, ఇంజన్ బే, టైర్లకు సూపర్, లోపలికి వాడాలంటే బాగా పలచన చేయాలి. అదే కంపెనీలో పోల్ స్టార్ అని ఉంది, క్లాత్ సీట్లకు, లెదర్‌కు చేసిందే, నీ పనికి అట్లాంటిది కరెక్టు. లేకపోతే ఏ కంపెనీదైనా సరే బాటిల్ మీద ఇంటీరియర్ క్లీనర్ అని రాసి ఉన్న రెడీ టు యూజ్ అర లీటరు బాటిల్ తీసుకో, దాంట్లో నీళ్ళు కంపెనీవాళ్ళే కలిపింటారు, కొలతల తలనొప్పి ఉండదు. మొదటిసారి చేసేవాళ్ళకు నేను ఎప్పుడూ ఇదే చెప్తా.

వాడేటప్పుడు మటుకు సీటు మీద కాకుండా క్లాత్ మీద స్ప్రే చేసుకో. ముఖ్యంగా పవర్ విండో స్విచ్చుల కాడ, ఏసీ బటన్ల కాడ, స్టీరింగ్ మీద బటన్ల కాడ తడి లోపలికి దిగకూడదు. తలనూనె చోట మెత్తని బ్రష్షుతో గుండ్రంగా రుద్ది నురుగు వచ్చినాక తుడిచెయ్, గట్టిగా ఒత్తి రుద్దితే లెదరెట్ పైన ఉండే కోటింగ్ పోయి నున్నగా మెరుస్తాది, మళ్ళా ఆ మాట్ ఫినిషింగ్ రాదు. చివరగా ఉత్త నీళ్ళలో తడిపి పిండిన క్లాత్‌తో ఇంకోసారి తుడవడం మర్చిపోవద్దు. ఎండలో నిలబెట్టిన బండికి అస్సలు చేయొద్దు, వేడి మీద క్లీనర్ నిమిషంలో ఆరిపోయి చారలు పడతాయి, మన కాడ ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఎనిమిదిలోపు ముగించుకోవాల.

గిన్నెల లిక్విడ్ గురించి మీ నాయన చెప్పింది పూర్తిగా తప్పేం కాదు, జిడ్డు తీస్తాది. కానీ గిన్నెను కొళాయి కింద కడుగుతాం, సీటును కడగలేం గదా. ఆ సబ్బు అక్కడే ఉండిపోతే జిగటగా అయ్యి మళ్ళా దుమ్మును పట్టుకుంటాది.

నాపరాళ్ళ_రోడ్డు (ఎర్రగుంట్ల):
పైన అన్న చెప్పింది నూటికి నూరు కరెక్టు, దుమ్ము సంగతి నేను ఇంకోటి చేరుస్తా. మా సైడు అంతా సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి పాలిషింగు, తెల్లదుమ్ము పౌడర్ లాగ సన్నగా ఉంటాది, మీ సైడు ఎర్రమట్టిలో మటుకు ఇసుక ఎక్కువ. ఇసుక అంటే క్వార్ట్జ్, గట్టిదనం మోస్ స్కేల్ మీద 7, గాజు ఐదున్నర చిల్లర, మరి గేర్ చుట్టూ ఉండే నల్లగా మెరిసే ప్లాస్టిక్ ఎంత? అందుకే దాన్ని పొడిగుడ్డతో అట్ల తుడిచినా చాలు సన్నగీతలు. ముందు బ్లోయర్‌తోనో మెత్తని పెయింట్ బ్రష్షుతోనో దుమ్ము లేపి, తర్వాతే తడి మైక్రోఫైబర్. టచ్ స్క్రీన్‌కు ఏపీసీ దగ్గరికి కూడా రానీయొద్దు, గాజు తుడిచే స్ప్రేలు కూడా వద్దు, పైన యాంటీ గ్లేర్ కోటింగ్ పోయిందంటే మచ్చలు మచ్చలుగా కనిపిస్తాది. కొంచెం తడి క్లాత్ చాలు.

ఇంకోటి, వాటర్ వాష్ కాడికి పోతే అడగకుండానే డ్యాష్‌బోర్డుకు పాలిష్ పూసి పంపిస్తారు. అది చాలాసార్లు సిలికాన్, చూడ్డానికి కొత్తబండి మాదిరి ఉంటాది కానీ ఎండలో ముందు అద్దం మీద డ్యాష్‌బోర్డు నీడ మెరుస్తాది, రోడ్డు కనపడేది తగ్గుతాది, నందలూరు రోడ్డులో మధ్యాహ్నం పూట ఎదురు ఎండలో పోయేటప్పుడు అది నిజంగా డేంజర్. పైగా దుమ్ము అంటుకుంటాది. పూయొద్దని ముందే చెప్పండి, మొహమాటపడొద్దు.

అనంత_సెల్టోస్:
చాలా థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. రెండు డౌట్లు. బండి కొన్న రోజు గుడి కాడ పూజ చేయిస్తే డ్యాష్‌బోర్డు మీద, స్టీరింగ్ మధ్యలో పసుపు కుంకుమ పెట్టినారు, కుంకుమ పోయింది కానీ పసుపు మరక ఉండిపోయింది, దానికి ఏపీసీ కొట్టొచ్చా? ఇంకోటి మా ఇంట్లో బోరు నీళ్ళు, బక్కెట్లకు తెల్లగా పొర కడతాయి, వాటితోనే కలుపుకోవచ్చా?

కడప_కెమిస్ట్రీ:
బాబూ, పసుపు మీద ఏపీసీ కొట్టే ముందు ఇది చదువు. ఏపీసీలు ఎక్కువ శాతం క్షారం, అంటే పీహెచ్ 7 కంటే బాగా పైన. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. మనం దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయే, సరిగ్గా అదే రియాక్షన్ నీ డ్యాష్‌బోర్డు, స్టీరింగ్ మీద జరుగుతుంది. చాలామంది అది చూసి ప్లాస్టిక్ కాలిపోయిందని కంగారుపడతారు. కంగారు ఏం లేదు, కొంచెం వెనిగరో నిమ్మరసమో నీళ్ళలో వేసి ఆ గుడ్డతో అద్దితే మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది, తర్వాత ఉత్త నీళ్ళతో తుడిచెయ్యాలి. మరక తీయడానికైతే కర్కుమిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా దూదికి తీసుకుని ముందు కనపడని చోట టెస్ట్ చేసి, రంగు పోకుంటే మరక మీద అద్ది ఎత్తాలి, రుద్దకూడదు. మెరిసే ప్లాస్టిక్ మీద, స్క్రీన్ మీద మాత్రం వద్దు. మిగిలిన లేత పసుపు ఎండకు దానంతట అదే పోతుంది, కర్కుమిన్ వెలుతురుకు తట్టుకోలేదు, మన ఎండలకు ఇంక చెప్పాలా.

పీహెచ్ గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే నీళ్ళు కలిపితే క్షారం పోతుందని అందరూ అనుకుంటారు. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. కాబట్టి 12 ఉన్న క్లీనర్‌కు పదింతల నీళ్ళు కలిపినా అది సుమారు 11కు వస్తుంది, అంతేగానీ 7కు రాదు. పలచన చేస్తే మొత్తం మీద మందు తగ్గుతుంది కాబట్టి మంచిదే, కానీ సీటు మీద మిగిలిన క్షారాన్ని తడిగుడ్డే తీయాలి. బురుజు అన్న రెండోసారి ఉత్త నీళ్ళతో తుడవమన్నది అందుకే. నిజమైన లెదర్ సీట్లు ఉన్నవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం, తోలు కొంచెం ఆమ్లగుణంలో ఉంటుంది, ఘాటైన క్షారం పదే పదే తగిలితే ఎండిపోయి పగుళ్ళు వస్తాయి.

బోరు నీళ్ళు వద్దు. బక్కెట్‌కు తెల్లపొర కడుతోందంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉన్నాయని అర్థం. తాగునీటికి కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా ఫర్వాలేదని మన ఐఎస్ 10500 స్టాండర్డ్ చెప్తుంది, మన సీమలో చాలా బోర్లు ఆ 200 దాటేవే. అట్లాంటి నీళ్ళలో క్లీనర్ సగం పని ఆ ఉప్పులతోనే చేసేస్తుంది, ఆరినాక నల్లప్లాస్టిక్ మీద తెల్లమచ్చలు పడతాయి. వీధిలో ఆర్వో ప్లాంటు నీళ్ళు తెచ్చుకో. అర లీటరు బాటిల్‌లో ముందు నీళ్ళు పోసి, ఆ తర్వాత 45 మిల్లీలీటర్ల మందు పోస్తే నురుగు రాకుండా 1:10 సరిపోతుంది. ఆ బాటిల్ మీద పెద్దక్షరాలతో ఏముందో రాసి పెట్టు, తాగే నీళ్ళ బాటిల్‌లో మాత్రం ఎప్పుడూ పోయొద్దు, ఇంట్లో పిల్లలుంటారు.

ఊరి_బండి_అక్క (ధర్మవరం):
తమ్ముడూ, సీట్ బెల్టుల సంగతి ఎవరూ చెప్పలేదు. బెల్టు మురికిగా ఉందని ఏపీసీతోనో బ్లీచ్‌తోనో రుద్దేస్తుంటారు, దయచేసి అట్ల చేయొద్దు, కారు మాన్యువల్‌లోనే ఉంటుంది మెత్తని సబ్బునీళ్ళే వాడమని. బెల్టు పూర్తిగా బయటికి లాగి క్లిప్పు పెట్టి, తుడిచి, నీడలో బాగా ఆరినాకే లోపలికి వదలాల. ప్రాణం కాపాడేది అదే కదా, మరక ఉన్నా ఫర్వాలేదు.

పిల్లలు పాలు, పెరుగన్నం పోసినా, వాంతి చేసుకున్నా ఏపీసీతో మరక పోతాది గానీ వాసన పోదు. ఎంజైమ్ క్లీనర్ అని పెట్ షాపుల్లో అమ్ముతారు, అది పోసి బాటిల్ మీద రాసినంతసేపు తడిగా వదిలెయ్యాల. సెంటు స్ప్రేలు కొడితే రెండు వాసనలు కలిసి ఇంకా కష్టం.

అనంత_సెల్టోస్:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలే. అయితే పోల్ స్టార్ లాంటిదో లేకపోతే రెడీ టు యూజ్ ఇంటీరియర్ క్లీనరో తీసుకుంటా. బురుజన్నా, రూఫ్ క్లాత్ గురించి చెప్పలేదు, డ్రైవర్ సైడు పైన వేళ్ళ ముద్రలు ఉండాయి.

బురుజు_డీటెయిలింగ్ (కర్నూలు):
అవును మర్చిపోయినా తమ్ముడూ. రూఫ్ క్లాత్ జిగురుతో అతికించింటారు, దాని వెనక సన్నని ఫోమ్ ఉంటాది, ఎక్కువ తడిపితే జిగురు వదిలి క్లాత్ కిందికి వేలాడతాది, మన ఎండలకు ఆ జిగురు మామూలుగానే బలహీనపడింటాది. అందుకని బ్రష్షు వద్దు, స్ప్రే వద్దు. మైక్రోఫైబర్‌కు కొంచెం మందు పట్టించి ఒకే దిక్కుకు మెల్లగా తుడువు, మచ్చ ఉన్న చోటే కాకుండా కుట్టు నుంచి కుట్టు దాకా పల్చగా తుడిస్తే రంగు తేడా తెలీదు. పోకపోతే ఆరనిచ్చి మరుసటి రోజు మళ్ళా చెయ్, ఒకేసారి తీసేయాలని పట్టుపట్టొద్దు. రూఫే ముందు చేసుకో, తర్వాత డ్యాష్‌బోర్డు, సీట్లు, ఆఖరికి కింద మ్యాట్లు, పైనుంచి రాలే దుమ్మంతా కిందికే వస్తాది కాబట్టి.

అన్నట్టు కర్నూలు వచ్చే పని ఉంటే బండి తెచ్చుకో, ఆ తలనూనె మరక ఎట్ల తీయాలో నీ ముందరే ఒక సీటు చేసి చూపిస్తా, మిగతావి ఇంటికాడ నువ్వే చేసుకోవచ్చు.