సాఫ్ట్ స్కిల్స్ సారు బదులు ఏఐ: మీరేమంటారు?

బెజవాడబుల్లోడు:
ఫైనలియర్ బీటెక్. మా కాలేజీలో వచ్చే సెమ్ నుంచి సాఫ్ట్ స్కిల్స్ క్లాసు ఎత్తేసి, ఫోన్లో ఏఐతో మాట్లాడి ప్రాక్టీస్ చేసుకోమంటున్నారు. నాకైతే బాగానే ఉంది. పది దాకా తెలుగు మీడియం నాది. క్లాసులో లేచి "మైసెల్ఫ్..." అనగానే వెనక బెంచీ నుంచి నవ్వొచ్చేది. దీని ముందు ఇరవైసార్లు తప్పు చెప్పినా నవ్వదు. మా ఫ్రెండ్స్ మాత్రం సారే కావాలంటున్నారు. ఏమంటారు?

చాక్‌పీస్:
పదిహేనేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను, కాబట్టి నా మాటలో స్వార్థం ఉందనుకున్నా తప్పులేదు. బాబూ, ఆ నవ్వే అసలు పాఠం. ఇంటర్వ్యూలో ఎదుటాయన నవ్వకపోవచ్చు, సెల్లు చూసుకుంటాడు, ఆవలిస్తాడు. గ్రూప్ డిస్కషన్లో పదిమంది ఒకేసారి అరుస్తారు. నీ ఫోను మాత్రం నువ్వు ఆపేదాకా ఆగి అప్పుడు నోరు విప్పుతుంది. అంత మర్యాదస్తుడు నాకెక్కడా తగల్లేదు.
పైగా ఏం చెప్పినా "అద్భుతం" అంటుంది. 2025 ఏప్రిల్లో చాట్‌జీపీటీలోని జీపీటీ-4ఓ మోడల్ అప్‌డేట్ మరీ భజన చేస్తోందని గోలయితే, దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ వాళ్లే వెనక్కి తీసుకున్నారు.

నైట్‌డ్యూటీ:
సార్, భజన నిజమే. పొగడొద్దు, విసుక్కో అని ముందే చెబితే కాస్త తగ్గుతుంది. నేను నర్సుని, యూకే కోసం ఓఈటీ (నర్సులు, డాక్టర్లలాంటి వాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాశాను. స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు, ఒక్కోటి ఐదు నిమిషాలు. ఎదుటివాళ్లు రోగిగానో, బంధువుగానో నటిస్తారు. ఇంగ్లీషుకే కాదు, రోగి మనసులో ఏముందో అడిగి తెలుసుకున్నామా అన్నదానికీ మార్కులుంటాయి. నైట్ దిగి ఇంటికొచ్చాక పొద్దున తొమ్మిదింటికి నాతో రోల్‌ప్లే చేసే మనిషి ఎవరు? ఫోనే. "నువ్వు సూదంటే భయపడే ముసలాయనవి" అనేదాన్ని. బాగానే సతాయించేది.
ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. "ఐ అండర్‌స్టాండ్ హౌ యు ఫీల్" నాకు నోటికొచ్చేసింది. వార్డులో ఒక పెద్దామెతో అదే అలవాటులో "మీ బాధ నాకర్థమవుతోందమ్మా" అంటే, "ఏం అర్థమైందే నీకు?" అంది. నిజానికి నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ ఏడ్చింది నొప్పికి కాదు, కొడుకు రాలేదని.

రెండోరౌండ్:
ఆ చిలకపలుకులే మాకు తలనొప్పి. క్యాంపస్‌లకి వెళ్లి ఇంటర్వ్యూలు చేస్తుంటాను. నీ వీక్‌నెస్ ఏంటంటే వరసగా నలుగురు "ఐ టెండ్ టు ఓవర్‌థింక్" అన్నారు. నాలుగోవాణ్ణి, ఎప్పుడు ఓవర్‌థింక్ చేశావో చెప్పమన్నా. నీళ్లు నమిలాడు.

బెజవాడబుల్లోడు:
అన్నా, అది ఏఐ తప్పా? అమీర్‌పేట జిరాక్స్ నోట్సులో "హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్" అని మా సీనియర్లు బట్టీ కొట్టిందీ అదేగా.
సార్, మీమీద గౌరవంతోనే చెప్తున్నా. మా సెక్షన్‌లో 66 మంది. గంట క్లాసులో నా వంతు ఎప్పుడొస్తుంది? సెమ్ మొత్తంలో రెండుసార్లు లేచా, అందులో ఒకటి అటెండెన్స్ గొడవకి.

చాక్‌పీస్:
దానికి నా దగ్గర జవాబు లేదు. ఆరుగురు చొప్పున కూర్చోబెడతాను, గదులివ్వండని నేనూ మా కాలేజీలో అడిగాను. ఖాళీ లేవన్నారు. యాప్‌కి గది అక్కర్లేదు, జీతం అక్కర్లేదు. వాళ్లకి నచ్చింది అదయ్యా, నీ భయం పోవడం కాదు.

రెండోరౌండ్:
ఇది కరెక్ట్.

నైట్‌డ్యూటీ:
తమ్ముడూ, ఫోన్లో ఇరవైసార్లు చెప్పావు సరే. ఆ తర్వాత మళ్లీ క్లాసులో లేచావా?

బెజవాడబుల్లోడు:
లేదక్కా.
క్లాసు తీసేయొద్దు, చిన్న బ్యాచ్‌లు చెయ్యండి అని ప్రిన్సిపాల్ గారికి లెటర్ రాద్దామంటున్నారు మావాళ్లు. నేనూ సంతకం పెడతానన్నా. లోపలికెళ్లి మాట్లాడేదెవరంటే అందరూ నావైపే చూస్తున్నారు.