పింఛను, రేషన్ కేసులు చేస్తూ లాయరుగా బతకొచ్చా?

అనంతపురం కోర్టులో మూడేళ్లుగా ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నాను. చేసేవన్నీ భూతగాదాలు, చెక్ బౌన్సులే. మనసు మాత్రం అటు లేదు.

పోయిన నెల కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో పాలిథిన్ కవరు. అందులో ఆధార్, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో చెప్పే పత్రం), మడతలు చిరిగిపోయిన నాలుగు అర్జీలు. నెలనెలా వచ్చే 6,000 రూపాయల దివ్యాంగుల పింఛను ఆగిపోయిందట. ఎందుకు ఆపారో ఒక్కరూ కాగితం మీద రాసివ్వలేదు. "ఫీజెంత నాయనా?" అని అడిగితే నాకు నోరు రాలేదు. మా సీనియరేమో "ఇది సంఘసేవబ్బా, ప్రాక్టీసు కాదు" అని నవ్వేశారు.

1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద దివ్యాంగులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. అంటే క్లయింట్లకు కొదవ లేదు, ఫీజు ఇచ్చేవాళ్లే లేరు!

జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్యానెల్ లాయర్లుగా (ఉచిత సహాయం కేసులు చేస్తే సంస్థే ఫీజిచ్చే లాయర్లు) చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ డబ్బుతో ఇల్లు గడుస్తుందా? సగం రోజులు సివిల్ కేసులు చేసుకుంటూ ఇది కూడా నడిపినవాళ్లున్నారా? హైకోర్టులో రిట్లు (అధికారుల నిర్ణయాల మీద వేసే పిటిషన్లు) వేయాలంటే అమరావతికి మారిపోవాల్సిందేనా, ఇక్కడుండి నడపొచ్చా? ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చదివితే ఈ పనికి ఏమైనా అక్కరకొస్తుందా?

ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఆ టెన్షన్ ఒకటి. ఉన్నదున్నట్టు చెప్పండి, ఏమీ అనుకోను.