రైలు పై బెర్తు ఘట్టాన్ని వేదిక మీద ఆడించడం ఎలా?

ప్రశ్న (బొబ్బిలి నుంచి)
మా బడి వార్షికోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్లల చేత ఒక హాస్య ప్రదర్శన వేయించాలనుకుంటున్నాను. హాలీవుడ్ హాస్య జంట లారెల్, హార్డీ 1929లో నటించిన ఇరవై నిమిషాల సినిమా ‘బెర్త్ మార్క్స్’ చూసిన నాటి నుంచి, రాత్రి రైలులో ఇద్దరూ ఒకే పై బెర్తులోకి దూరి, పడుకోబోయే ముందు బట్టలు విప్పుకోవడానికి నానా పాట్లూ పడే ఘట్టమే వేస్తామని పిల్లలు పట్టుబట్టారు. మన స్లీపరు పెట్టెల్లో ఎవరూ బెర్తు మీద బట్టలు మార్చుకోరు కనుక ఈ అవస్థ ఊళ్లో వాళ్లకు అర్థమవుతుందా? ఘట్టం చాలాసేపు సాగుతుంది కదా, సగానికి కుదించవచ్చా?

జవాబు (ఆమదాలవలస నుంచి)
మాస్టారూ, అది అప్పటి అమెరికా రైళ్లలోని పుల్‌మన్ పడక పెట్టె. పగలు ఎదురెదురుగా ఉండే సీట్లను రాత్రికి కలిపి కింది బెర్తు చేసేవారు. పగలంతా పైకప్పు వారగా మడిచి ఉంచిన పై బెర్తును రాత్రికి కిందికి దించేవారు. నడవా వైపు దళసరి తెరలు తప్ప వేరే చాటు ఉండదు కాబట్టి ఆ తెర వెనకే బట్టలు మార్చుకొనేవారు. ‘మన సైడ్ అప్పర్ బెర్తుకు తెర కట్టి, అందులో ఇద్దరిని పడుకోబెట్టారు’ అని ముందుగా ఒక్క మాట చెప్పించండి, ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

జవాబు (విజయనగరం నుంచి)
దయచేసి కుదించకండి. ఆ ఘట్టంలో నవ్వంతా ఆలస్యంలోనే ఉంది. ఒకరి చెయ్యి ఇంకొకరి చొక్కాలో ఇరుక్కోవడం, దాన్ని తీయబోతే కాలు మెడకు చుట్టుకోవడం, లావుపాటాయన విసుగు అంగుళం అంగుళం పెరగడం చూడటానికి వ్యవధి కావాలి. తొందరపెడితే అది వట్టి పెనుగులాట అవుతుంది. పెట్టెలోని ప్రయాణికులంతా ఒకరి బట్టలు ఒకరు చింపుకొనే తగువును మాత్రం, ఎంత నవ్వు తెప్పించినా, వదిలేయండి; అన్ని బట్టలు ఎక్కడ తెస్తారు? కెమెరా గోడ తీసేసినట్టు లోపలికి చూస్తుంది కాబట్టి మీరు కూడా తెరను ప్రేక్షకుల వైపు కట్టకుండా వెనక కట్టండి. రెండు బల్లల మీద నవారు మంచం కదలకుండా బిగించి కట్టి, దానిపై రెండున్నర అడుగుల ఎత్తున అడ్డంగా ఒక వెదురు కట్టండి. కూర్చోబోయిన ప్రతిసారీ తల దానికి తగలాలి.

జవాబు (పలాస నుంచి)
ముగింపును మాత్రం వదలవద్దు. ఎంతో కష్టపడి సర్దుకొని పడుకోగానే దిగవలసిన ఊరు వచ్చేస్తుంది; సగం బట్టలతో దిగిపోయాక, పొట్ట పోసుకోవడానికి వెంట తెచ్చుకొన్న నిలువెత్తు తంత్రీవాద్యం రైలులోనే వెళ్లిపోయిందని తెలుస్తుంది. దాన్ని మొదటి నుంచీ ప్రేక్షకుల కళ్ల ముందు ఉంచితేనే ఈ దెబ్బ తగులుతుంది.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం వెదురు కట్టి చూశాం. బక్కపలచని కుర్రాడు బూటు లాగబోయి, అది తన కాలుది కాదని తెలుసుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ అలాగే ఉంచుతున్నాను.