2018 డీజిల్ బ్రెజా సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా? నల్గొండ, పాలమూరు వైపు నడిపినవాళ్లు చెప్పండి

నకిరేకల్ పోరడు:
అందరికీ నమస్తే. మాది నకిరేకల్ పక్కన పల్లె. ఇన్నాళ్లూ చిన్న కారుతో నెట్టుకొచ్చాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు, కిందికి వంగి కూర్చోవడం, లేవడం కష్టమైపోతోంది. అందుకే కొంచెం ఎత్తున్న బండి చూస్తున్నా. నల్గొండలో ఒక 2018 డీజిల్ బ్రెజా దొరికింది. టీఎస్ 05 నంబర్, ఫస్ట్ ఓనర్, మీటర్ 82 వేలు. ఆరున్నర లక్షలు అడుగుతున్నాడు. నా వాడకం వారానికోసారి హైదరాబాద్, మిగతా రోజులు ఊరూ పొలమూ. ఇన్నేళ్ల డీజిల్ బండి తెచ్చుకుంటే షెడ్డు చుట్టూ తిరగాల్సి వస్తుందేమోనని టెన్షన్. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జడ్చర్ల డీజిల్:
తమ్మీ, నా దగ్గర ఇదే బండి, ఇదే ఇంజిన్. నేనూ సెకండ్ హ్యాండ్‌లోనే తీసుకున్నా. ఇప్పుడు లక్షన్నర కిలోమీటర్లు దాటింది, ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. 1248 సీసీ ఇంజిన్ అది, డిజైన్ ఫియట్‌ది. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాల్లో కూడా తిరిగింది. అందుకే కల్వకుర్తిలో అడిగినా దీన్ని విప్పి బిగించే మనిషి దొరుకుతాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధన వచ్చేసరికి మారుతి డీజిల్ మానేసింది గానీ, రోడ్ల మీద ఇన్ని బండ్లు ఉండగా సామానుకు కరువు రాదు. ఇంజిన్‌లో వాల్వులను తిప్పడానికి టైమింగ్ చైన్ ఉంటుంది, బెల్ట్ కాదు. ఇన్ని కిలోమీటర్లకు మార్చాలన్న లెక్క లేదు, చప్పుడొస్తే చూపించుకోవాలి.

నడక గురించి చెప్పాలంటే, కాగితం మీద 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్. కానీ 2000 ఆర్‌పీఎం లోపు బండి పడుకుంటుంది. మన ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ దాటాక సెకండ్‌లో గునుస్తుంది, ఫస్ట్‌కి దించాల్సిందే. ఆ గీత దాటిందంటే టర్బో అందుకుని ఒక్కసారిగా లాగుతుంది. కొత్తవాళ్లు మొదట్లో తిట్టుకుంటారు, తర్వాత కాలికి అలవాటైపోతుంది. 44 నంబర్ హైవే మీద ఫిఫ్త్‌లో వందకు పెట్టి వదిలేస్తే ఇంజిన్ చప్పుడే చెయ్యదు. మైలేజీ కంపెనీ లెక్కలో 24.3. నాకు హైవేలో 20 అటూఇటూ, ఊళ్లో 16, 17.

ఖర్చంటే సస్పెన్షన్‌లో లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఒకసారి క్లచ్ ప్లేట్. అది బండి తప్పు కాదు, మన రోడ్ల పుణ్యం.

పాలమూరు పెట్రోల్:
ఇంకా డీజిల్ ఏంది అన్నా? ఇప్పుడు పెట్రోల్‌కి, డీజిల్‌కి లీటర్ దగ్గర ఎంత తేడా ఉంది చెప్పు. సర్వీస్ ఖర్చు ఎక్కువ, ఇంజెక్టర్ పోయిందంటే జేబు ఖాళీ. నేను 2020 తర్వాత వచ్చిన 1.5 పెట్రోల్ బ్రెజా తీసుకున్నా, హాయిగా ఉంది. కింది నుంచే మెత్తగా కదులుతుంది. హైవేలో 17 దాకా ఇస్తుంది. చాలు.

జడ్చర్ల డీజిల్:
వారానికోసారి హైదరాబాద్ పోయి వచ్చేవాడికి డీజిల్ గిట్టుబాటే అన్నా. మహబూబ్‌నగర్ టౌన్‌లో పిల్లల్ని బడి దగ్గర దింపడానికే అయితే మీ మాటే కరెక్ట్. ఇంకొకటి, పోరడు చూస్తున్నది అంతకుముందు నిబంధనకు తయారైన బీఎస్4 బండి. బీఎస్6 డీజిల్ అయితే నేనే వద్దనేవాణ్ని. వాటికి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది, మసిని పట్టుకుంటుంది. హైవే మీద కాసేపు ఒకే వేగంతో పోతే వేడికి ఆ మసి కాలిపోతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే కాలదు, పేరుకుని లైటు వెలుగుతుంది. అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది.

షెడ్డు బాబాయ్, నార్కట్‌పల్లి:
మీరు మోడల్ గురించి కొట్లాడుకుంటున్నారు. నా షెడ్డుకొచ్చే బండ్లు చూసి చెబుతున్నా, ఏడెనిమిదేళ్లు దాటాక బండి ఏ కంపెనీది అన్నదానికన్నా ఇంతకుముందు ఓనర్ ఎవరన్నదే పెద్ద విషయం.

మన జిల్లా బండి ఏది వచ్చినా నేను మొట్టమొదట చూసేది కూలెంట్. మన బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకోవడం అందరికీ తెలుసు. కూలెంట్ తగ్గిందని పొలం దగ్గర ఆ నీళ్లే రేడియేటర్‌లో పోసేవాళ్లు చాలామంది. దారిలో ఆగిపోయి ఒకసారి పోస్తే కొంప మునగదు, తర్వాత తీయించి సరైనది పోయించుకోవచ్చు. కానీ అదే అలవాటుగా పోస్తుంటే రేడియేటర్ సన్న గొట్టాల్లో పొర కడుతుంది, కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్ ఇరుక్కుంటుంది, వాటర్ పంప్ సీల్ కారుతుంది. చలికాలంలో ఏమీ తెలియదు. మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఏసీ వేసి నలుగురితో హైవే ఎక్కినప్పుడు టెంపరేచర్ ముల్లు లేస్తుంది. ఇంకొంచెం దూరమే కదా అని అలాగే తోలితే ఇంజిన్ హెడ్ కింద సీల్‌లా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అప్పుడు అందరూ ఇంజిన్ మంచిది కాదంటారు. ఇంజిన్ ఏం చేసింది పాపం?

కాబట్టి పోరడా, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడు. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది, జాగ్రత్త. లోపల ఏ రంగు ఉన్నా పర్లేదు, శుభ్రంగా ఉండాలి. తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే బోరు కథే. పైన నూనె తేలుతుంటే దండం పెట్టి వచ్చెయ్.

నువ్వు పోయేసరికే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టారంటే అనుమానించు. డీజిల్ బండి అసలు గుణం చల్లటి స్టార్ట్‌లోనే బయటపడుతుంది. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడు, దాన్నే మేం బ్యాక్ కంప్రెషన్ చూడటం అంటాం. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. మూతను ఎగరగొట్టేలా, గుప్పుగుప్పుమని పొగ వస్తే రింగులు అరిగినట్టు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని మాత్రం భయపడకు. డీజిల్‌లో నిన్న పోసిన ఆయిల్ కూడా ఇవాళ నల్లగానే ఉంటుంది.

మిర్యాలగూడ మిల్లు రోడ్:
బాబాయ్ చెప్పింది వంద శాతం నిజం. నాది వేరే కంపెనీ బండి, ఏఎంటీ ఆటోమేటిక్. పేరు రాయను, రాస్తే అభిమానులు కొట్లాటకొస్తారు. కొన్న కొత్తలోనే శ్రీశైలం పోయాం. మన్ననూర్ దాటి ఘాట్‌లో బండ్లు ఆగి ఆగి కదులుతుంటే క్లచ్ కాలిన వాసన, ఆ తర్వాత గేర్ పడలేదు. పక్కకు తీసి చల్లారేదాకా కూర్చున్నాం. షెడ్డులో విప్పితే ప్లేట్ అప్పటికే అరిగి ఉంది. మాకు అమ్మినవాడు ఎత్తు మీద బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని ఆపి పట్టేవాడని మెకానిక్ అనుమానం. ఏఎంటీలో కాలి కింద పెడల్ లేదన్నమాటే గానీ, లోపల ఉండేది మామూలు క్లచ్చే. టౌన్‌లో ఒక రౌండ్ కొట్టి బాగుందనుకోవద్దు, ఏదైనా ఎత్తు ఎక్కించి ఆపి కదిలించి చూడండి.

సూర్యాపేట టీచరమ్మ:
పెద్దవాళ్లు కూర్చునే బండి అంటున్నారు, భద్రత గురించి ఒక్కరూ అడగలేదు. బ్రెజాకు 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు బండిని గుద్దించి చేసే పరీక్షలో 4 నక్షత్రాలు వచ్చాయి. అదే ఏడాది డిసెంబర్‌లో టాటా నెక్సాన్‌కు 5 వచ్చాయి. రెండూ పర్లేదు. కానీ సెకండ్ హ్యాండ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఒకసారి పేలి, సరిగ్గా పెట్టకుండా లైటు ఆపేసిన బండ్లు ఉంటాయి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే కూడా అనుమానమే.

ఇంకో మాట, 2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మం, కోదాడ వైపు వరదలు వచ్చాయి. నీళ్లలో మునిగిన బండ్లు తుడిచి అమ్మడం కొత్తేం కాదు. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, బురద గీత ఉంటే అక్కడే తెలిసిపోతుంది. సీటు కింద బోల్టుల తుప్పు, కార్పెట్ కింద వాసన కూడా చూడండి.

దేవరకొండ ఫోర్డ్:
నా ఓటు ఎకోస్పోర్ట్‌కు. ఎవరూ అడగలేదనుకోండి. 1.5 డీజిల్, స్టీరింగ్ బరువుగా, గట్టిగా ఉంటుంది. డిండి వైపు మలుపుల్లో దీన్ని తోలినవాడికి ఇంకో బండి నచ్చదు. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, అందుకే రేటు తక్కువకు వచ్చింది. సర్వీస్ నడుస్తూనే ఉంది, కాకపోతే నేను హైదరాబాద్ పోవాలి, కొన్ని సామాన్లకు ఆగాలి. దీనికి టైమింగ్ బెల్ట్ ఉంటుంది, ముందు ఓనర్ మార్చాడా లేదా అన్నది బిల్లు చూసి తేల్చుకోవాలి. బెల్ట్ తెగితే ఇంజిన్ లోపల వాల్వులు వంగుతాయి. అమ్మేటప్పుడు రేటు రాదు, నాకు అమ్మే ఆలోచన లేదు.

పాలమూరు పెట్రోల్:
ఊళ్లో పెట్టేవాళ్లు ఎలుకల సంగతి మర్చిపోతున్నారు. బ్యానెట్ ఎత్తి వైర్లకు ఇన్సులేషన్ టేపు చుట్టి ఉందేమో చూడు. వడ్ల బస్తాల పక్కన బండి పెడితే ఎలుకలు కొరకకుండా ఎట్లుంటాయి? మా బావ పొగాకు ఆకులు కట్టి పెడతాడు, పని చేస్తుందంటాడు. నాకైతే నమ్మకం లేదు.

నకిరేకల్ పోరడు:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ బండి చూసొచ్చా. నేను పోయేసరికి ఇంజిన్ వేడిగానే ఉంది, పెట్రోల్ బంక్‌కు పోయొచ్చా అన్నాడు. కూలెంట్ రిజర్వాయర్‌లో కొంచెం ఎర్రమట్టి రంగు. 60 వేల దాకా కంపెనీ సర్వీస్ రికార్డు ఉంది, తర్వాత బయట చేయించాడట, బిల్లులు లేవు. నడిపితే బాగానే లాగింది. టైర్లు నాలుగూ 2018వే, పక్కన పగుళ్లు. కుటుంబం మంచిదే, మాకు తెలిసినవాళ్ల ద్వారానే. బయానా ఇచ్చెయ్ అంటున్నారు.

షెడ్డు బాబాయ్, నార్కట్‌పల్లి:
తెలిసినవాళ్లని బయానా ఇవ్వకు. పొద్దున్నే వస్తానని, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పు. ఎర్రమట్టి రంగు అంటున్నావు కాబట్టి రేడియేటర్ ఫ్లష్, థర్మోస్టాట్, కూలెంట్ ఖర్చు నీ మీదే. ఏసీ ఫుల్‌గా పెట్టి నార్కట్‌పల్లి దాకా ఒకసారి రా, ముల్లు సగం దాటిందంటే వద్దు. దాటకపోతే నేను స్కానర్ పెట్టి చూస్తా. మీటర్ 82 వేలు నిజమేనా అన్నది కంపెనీ రికార్డులో 60 వేలు ఏ తేదీన ఉందో చూస్తే అర్థమైపోతుంది. ఏళ్లు గడిచినా కిలోమీటర్లు పెరగకపోతే తిప్పినట్టే. టైర్లకు మాత్రం బేరం గట్టిగా ఆడు.

జడ్చర్ల డీజిల్:
రేటు గురించి నేనూ ఒకటి చెబుతా. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, కొత్త బండ్ల ధరలు తగ్గాయి. పాత బండ్లు అమ్మేవాళ్లు మాత్రం ఇంకా పాత లెక్కలోనే మాట్లాడుతున్నారు. ఆరున్నర ఎక్కువే. ఐదున్నర నుంచి మొదలుపెట్టు.

కాగితాలు కూడా చూడు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీ మీద ఫైనాన్స్ తీసేయించే ఫారం 35 లేకుండా డబ్బులు పూర్తిగా ఇవ్వకు. బండి నీ పేరు మీదకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకో. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూసి ఆయనతోనే కట్టించు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నీ పేరు మీదకు మార్పించు. అందులోని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆయనది, నీకు రాదు, దానికి ప్రీమియం తేడా కట్టాల్సి వస్తుంది. ఢిల్లీ బండ్లు చవకని ఎవరైనా చూపిస్తే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఎంత పడుతుందో లెక్క వేసుకుని మాట్లాడు.

నకిరేకల్ పోరడు:
సరే అన్నా. బాబాయ్, ఆదివారం షెడ్డు తెరుస్తారా? ఇంకో డౌట్, ఫాస్టాగ్ ఆయనదే ఉంచుకోవచ్చా, లేక కొత్తది తీసుకోవాలా?

సూర్యాపేట టీచరమ్మ:
కొత్తది తీసుకో తమ్ముడూ. పాతది ఆయన మూయించాలి, లేకపోతే నువ్వు పంతంగి టోల్ దాటిన ప్రతిసారీ ఆయన ఖాతాలో డబ్బులు పోతాయి.

షెడ్డు బాబాయ్, నార్కట్‌పల్లి:
ఆదివారం పొద్దున పది దాకా ఉంటా.