రిచర్డ్ హోమ్స్ చరిత్రకారుడా, టీవీ మనిషా?

పాతపుస్తకాలసంచి:
బ్రిటిష్ యుద్ధ చరిత్ర చదివేవాళ్లకు రిచర్డ్ హోమ్స్ గురించి వేరే చెప్పక్కర్లేదు. కొత్తవాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1946లో పుట్టాడు, 2011లో పోయాడు. 1969 నుంచి శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీలో కేడెట్లకు పాఠాలు చెప్పాడు, తర్వాత క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. 1996లో బీబీసీలో ‘వార్ వాక్స్’ అని, పాత యుద్ధభూముల్లో తిరుగుతూ చెప్పే సీరియల్ వచ్చాక దేశమంతా గుర్తుపట్టే మనిషి అయిపోయాడు.

నా వాదన ఒక్కటే. టీవీ ఆయన్ని మింగేసింది. 1981లో ఫీల్డ్ మార్షల్ జాన్ ఫ్రెంచ్ జీవితచరిత్ర రాశాడు. 1985లో ‘ఫైరింగ్ లైన్’ రాశాడు. గుళ్లు మీదికొస్తుంటే సిపాయి ఒళ్లూ మనసూ ఏమవుతాయన్నది దాని విషయం. రెండూ ఏళ్ల తరబడి కూర్చుని రాసినవని పేజీ తిప్పితే తెలిసిపోతుంది. తర్వాత? వెల్లింగ్టన్ మీద సీరియల్, దానికో పుస్తకం. చర్చిల్ మీద సీరియల్, దానికో పుస్తకం. కెమెరా ఎటు తిరిగితే కలం అటు నడిచింది. కాదనేవాళ్లు చెప్పండి.

గుర్రపుడెక్క:
కాదనేవాణ్ని నేనే.

‘వార్ వాక్స్’ కంటే ముందే, 1995లో, ‘రైడింగ్ ద రిట్రీట్’ వచ్చింది. 1914 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం బెల్జియంలోని మోన్స్ నుంచి ఫ్రాన్స్‌లోని మార్న్ నది దాకా వెనక్కి నడిచిన దారి ఉంది కదా, ఆ దారినే హోమ్స్ స్నేహితులతో కలిసి గుర్రాల మీద వెళ్లి రాసిన పుస్తకమది. గుర్రానికి నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, జీను కింద వీపు ఎప్పుడు ఒరుసుకుపోతుంది, ఎండలో రోజుకి ఎంత దూరం సాగుతుంది అన్నవి దస్తావేజుల్లో సగమే ఉంటాయి. నేల తొక్కి చూడటం ఆయనకి మొదటినుంచీ ఉన్న అలవాటు. టీవీ వాళ్లొచ్చి ఆ అలవాటుకి ఒక కెమెరా తగిలించారంతే.

నేల చూడకపోతే ఏం పోతుందంటారా? అస్సాయే తీసుకోండి. 1803 సెప్టెంబర్ 23, ఇప్పటి మహారాష్ట్రలో జాల్నా జిల్లా. ఎదురుగా సింధియా, బేరార్ రాజుల సేనలు. మధ్యలో కైట్నా నది. దాటడానికి రేవు లేదని దారి చూపేవాళ్లు తేల్చేశారు. ఆర్థర్ వెల్లెస్లీ (తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయింది ఈయనే) నదికి ఈ ఒడ్డున ఒక ఊరు, ఆ ఒడ్డున ఇంకో ఊరు ఎదురెదురుగా ఉండటం చూశాడు. రెండూళ్ల జనం రాకపోకలు లేకుండా ఉంటారా, రేవు ఉండే తీరాలి అనుకున్నాడు. ఉంది. సైన్యాన్ని అక్కడే దాటించాడు. మన లంక ఊళ్లవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ లండన్‌లో మ్యాపు ముందేసుకుని కూర్చున్నవాడికి తట్టదు.

ఈతచెట్టు:
నాకో సందేహం. ఇంకో యుద్ధ చరిత్రకారుడు జాన్ కీగన్ కూడా శాండ్‌హర్స్ట్ మాస్టారే, 26 ఏళ్లు అక్కడే చెప్పాడు. చిన్నప్పుడు ఎముకల క్షయ వచ్చి కాలు దెబ్బతింది, సైన్యంలోకి తీసుకునే ప్రశ్నే లేదు. 1976లో ‘ద ఫేస్ ఆఫ్ బ్యాటిల్’ రాస్తూ నేను ఏ యుద్ధంలోనూ లేను అని మొదట్లోనే చెప్పేశాడు. 1986లో ‘డైలీ టెలిగ్రాఫ్’ పత్రికలో చేరాడు. 1998లో బీబీసీ రేడియోలో రీత్ ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆయన్ని ‘పేపరు మనిషి’ అనో ‘రేడియో మనిషి’ అనో ఎవరూ తీసిపారేయరు. రేడియోలో మాట్లాడితే పండితుడు, టీవీలో కనిపిస్తే ఆటగాడా? సంచి గారూ, మీ తూకం నాకు అర్థం కాలేదు.

పాతపుస్తకాలసంచి:
తూకం సరిగానే ఉందండీ. రీత్ ఉపన్యాసం అంటే ముందు రాసుకుని చదివేది. రాసినప్పుడే ఆలోచన తేలిపోతుంది. టీవీలో ‘సిపాయి భయపడ్డాడు’ అనడానికి పది సెకన్లు, పొగమంచు షాటుకి ముప్పై సెకన్లు. ఎందుకు భయపడ్డాడు, మనకెలా తెలుసు అన్నదానికి చోటు ఉండదు.

మాజీ హవల్దార్:
యుద్ధం చూసినవాడే రాయాలి అనే మాట ఇక్కడ ఇంకా ఎవరూ అనలేదు, అనకముందే చెప్తాను. నేను సరిహద్దులో డ్యూటీ చేసినవాణ్ని. కాల్పులు జరిగిన రాత్రి నాకు తెలిసింది నా మోర్చా, పక్కనున్న ఇద్దరు, వైర్‌లెస్ సెట్లో సగం సగం వినపడిన మాటలు. అవతలి కంపెనీకి ఏమైందో తెల్లారాక టీ దగ్గర తెలిసింది. అక్కడున్నవాడి సాక్ష్యం సాక్ష్యమే గానీ చరిత్ర కాదు.

హోమ్స్ సంగతికొస్తే, ఆయన టెరిటోరియల్ ఆర్మీలో మామూలు సిపాయిగా చేరి బ్రిగేడియర్ దాకా వెళ్లాడు. ఉద్యోగం చేసుకుంటూనే. ఒక బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్‌గా కూడా చేశాడు. రేషన్ బండి ఆలస్యమైతే లైన్లో నిలబడ్డవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఆయన రాసిన చోట తప్పు పట్టలేం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిపాయి గురించి ఆయన రాసిన ‘టామీ’ చదివితే బూటు, సాక్సు, పేను, జీతం, రమ్ము, ఉత్తరం అన్నీ ఉంటాయి. జనరళ్ల బాణం గుర్తుల మ్యాపుల కంటే నాకు అదే నచ్చింది.

ఈతచెట్టు:
ఇంకోటి. కాగితాల పండితులు తప్పు చేయరా? ఎస్.ఎల్.ఎ. మార్షల్ అనే అమెరికన్ 1947లో ఒక పుస్తకం రాసి, రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పేల్చిన సిపాయిలు నలుగురిలో ఒక్కడికి మించి లేరు అన్నాడు. దశాబ్దాలపాటు సైనిక కళాశాలల్లో అది వేదవాక్కు. కీగన్ ఆయన్ని మెచ్చుకున్నాడు. 1988లో రోజర్ స్పిల్లర్ అనే చరిత్రకారుడు వెనక్కెళ్లి చూస్తే, ఆ లెక్క కట్టడానికి కావలసిన వివరాలు మార్షల్ అసలు సేకరించినట్టే కనపడలేదు. ఇక్కడ ఏ కెమెరా ఉంది? అచ్చులో ఉంది కాబట్టి అందరూ నమ్మారు.

పాతపుస్తకాలసంచి:
దాన్ని పట్టుకున్నది కూడా కాగితాలు తిరగేసినవాడే. అది గుర్తుపెట్టుకోండి. పుస్తకంలో తప్పుంటే వెతికి పట్టుకోవచ్చు, టీవీలో అన్నమాట గాల్లో కలిసిపోతుంది.

గుర్రపుడెక్క:
అందుకేగా పక్కన పుస్తకం వేశాడు! దాన్నే మీరు నేరం అంటున్నారు :)

విజీనగరం:
అందరూ బ్రిటిష్ సిపాయి చుట్టూనే తిరుగుతున్నారు. అస్సాయేలో వెల్లెస్లీ వెనక నది దాటినవాళ్లలో ఎక్కువమంది మద్రాసు సైన్యం దేశీ సిపాయిలు. హోమ్స్ 2005లో ‘సాహిబ్’ రాశాడు, ఇండియాలో బ్రిటిష్ సైనికుడి గురించి అని అట్టమీదే ఉంది, మోసం లేదు. కానీ ఆయన పద్ధతి మొత్తం ఉత్తరాలూ డైరీల మీద నిలబడింది. ఇంటికి ఉత్తరం రాసినవాడు పుస్తకంలోకి వస్తాడు, రాయనివాడు రాడు. నా అభ్యంతరం టీవీ మీద కాదు, దీని మీద.

చందుర్తి చూడండి. 1758 డిసెంబర్, పిఠాపురం దగ్గర. ఒకవైపు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కల్నల్ ఫోర్డ్, ఆయనకి తోడుగా విజయనగరం ఆనంద గజపతిరాజు. అటువైపు ఫ్రెంచివాళ్లు. ఫోర్డ్ దగ్గరున్న తెల్లసైనికులు ఎత్తుగా పెరిగిన చేను చాటున పడిపోయారు. దేశీ సిపాయిలకి ఎర్రకోట్లు. ఫ్రెంచివాళ్లు ఆ ఎర్రకోట్లను చూసి ఇంగ్లీషు పటాలం ఇదే అనుకుని వాళ్ల మీదికి వెళ్లారు. సిపాయిలు దెబ్బతిని వెనక్కి తగ్గారు, తరుముతూ ఫ్రెంచివాళ్ల వరస చెదిరింది. అప్పుడు చేను చాటు నుంచి అసలు పటాలం బయటికొచ్చి పక్కనించి కొట్టింది. ఉత్తర సర్కార్లు ఫ్రెంచివాళ్ల చెయ్యి జారడం అక్కడే మొదలైంది. దీన్ని రాసిపెట్టింది రాబర్ట్ ఆర్మ్, కంపెనీ చరిత్రకారుడు. పేరంతా ఫోర్డ్‌కి పోయింది. ఆ మొదటి దెబ్బ కాచుకున్న ఎర్రకోటువాడి మాట ఒక్కటి కూడా మనకి లేదు.

బొబ్బిలి నయం. 1757 నాటి ఆ కథని బుర్రకథవాళ్లు ఊరూరా చెప్పారు. ఎంత కల్పన కలిసినా, కోటలో ఉన్నవాళ్ల వైపు నుంచి చెప్పేవాళ్లు దొరికారు. చందుర్తికి ఆ బుర్రకథ కూడా లేదు.

గుర్రపుడెక్క:
చందుర్తి విషయంలో మీరు నా మాటే చెప్పారు విజీనగరం గారూ. ఉత్తరం లేనివాడి గురించి మిగిలిన సాక్ష్యం నేలే కదా. చేను ఎంత ఎత్తు, సిపాయిలకి అవతల పటాలం కనపడిందా లేదా, వెనక్కి తగ్గడానికి చోటు ఎటు ఉంది అన్నవి అక్కడ నిలబడి చూస్తే కొంతైనా తేలతాయి. హోమ్స్ లాంటివాడు ఒకడు అక్కడికొచ్చి ఉంటే నేను కెమెరా మోసేవాణ్ని.

పాతపుస్తకాలసంచి:
సరే, నేల సాక్ష్యం అని ఒప్పుకుంటాను. చర్చిల్ పుస్తకం మాత్రం పల్చనే అంటాను. ‘టామీ’తో పక్కపక్కన పెట్టుకుని చదివి రండి, మళ్లీ మాట్లాడదాం.

మాజీ హవల్దార్:
చందుర్తి గొల్లప్రోలు మండలం, పిఠాపురం నుంచి దగ్గరే. డిసెంబర్‌లో నేను కాకినాడ వైపు వస్తున్నాను. రావాలనుకునేవాళ్లు మెసేజ్ పెట్టండి. ఆర్మ్ పుస్తకంలో ఆ పేజీలు ఉన్నవాళ్లు ఫోటో తీసి పంపితే బాగుంటుంది, అక్షరాలు కనపడేలా.